పది నిమిషాల్లో సాల్మొనెల్లా ఫలితం ఇస్తుందంటున్న బయోసెన్సర్: కల్చర్ పరీక్ష మానేయవచ్చా?

ప్రశ్న (పాలపొడి కర్మాగారం, నాణ్యత విభాగం)

సభ్యులందరికీ నమస్కారం.

నేను పాలపొడి తయారుచేసే ఒక కర్మాగారంలో నాణ్యత నియంత్రణ విభాగంలో పనిచేస్తున్నాను. ప్రతి బ్యాచ్ నుంచి నమూనాలు తీసి, సాల్మొనెల్లా (ఆహారం ద్వారా జబ్బు చేసే బ్యాక్టీరియా) ఉందేమో కల్చర్ పద్ధతిలో, అంటే నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పద్ధతిలో, పరీక్షించడానికి బయటి ప్రయోగశాలకు పంపుతాం. ఫలితం చేతికి రావడానికి నాలుగైదు రోజులు పడుతుంది. అంతవరకు సరుకు గోదాములోనే ఆగిపోతుంది. ఈ మధ్య ఒక సంస్థ ప్రతినిధులు వచ్చి, అరచేతిలో ఇమిడే బయోసెన్సర్ ఒకటి చూపించారు. చిన్న కార్ట్రిడ్జ్‌లో 50 మైక్రోలీటర్ల ద్రవం వేస్తే పది నిమిషాల్లో తెరమీద ఫలితం కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 10 కణాలున్నా పట్టుకుంటుందని వారి పత్రంలో రాసి ఉంది. ఇంట్లో చక్కెర చూసుకునే గ్లూకోమీటర్ లాంటిదే ఇదీ అని వివరించారు.

మా ముందు చేసిన ప్రదర్శనలో, బ్యాక్టీరియా కలిపిన ద్రావణానికి ‘ఉంది’ అనీ, కలపని ద్రావణానికి ‘లేదు’ అనీ పరికరం స్పష్టంగానే చూపింది. అయితే ఆ రెండూ వారు వెంట తెచ్చుకున్న తేటైన బఫర్ ద్రావణాలే గానీ మా పొడి కలిపినవి కావు. అందులోని సాల్మొనెల్లా వేడిచేసి చంపినదేననీ, భయపడనక్కర్లేదనీ వారే చెప్పారు. యాజమాన్యానికి ఈ పరికరం బాగా నచ్చింది. దీన్ని కొని, బయటి పరీక్షను నెలకోసారికి తగ్గిద్దామన్న ఆలోచన నడుస్తోంది. నా మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు, కానీ ఎందుకు ఒప్పుకోవడం లేదో యాజమాన్యానికి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను. కల్చర్ పద్ధతికి బదులుగా ఇటువంటి సెన్సర్‌ను నమ్ముకోవచ్చా? నమ్ముకోలేకపోతే, అది మాకు ఏ పనికైనా ఉపయోగపడుతుందా?


సమాధానం 1 (ఆహార సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాల)

నమస్కారమండి. పరికరం గురించి తీర్పు చెప్పే ముందు, మీరు రాసిన రెండు అంకెలనే పక్కపక్కన పెట్టి చూడండి. మిల్లీలీటరుకు 10 కణాలున్న ద్రవం నుంచి 50 మైక్రోలీటర్లు తీస్తే, ఆ బిందువులో సగటున ఉండేది అర కణం. బ్యాక్టీరియా సగం సగంగా రాదు కాబట్టి, అటువంటి బిందువులు వంద తీస్తే దాదాపు అరవైలో ఒక్క కణం కూడా ఉండదు. బిందువులో లేని కణాన్ని ఎంత సునిశితమైన సెన్సర్ అయినా పట్టుకోలేదు. కార్ట్రిడ్జ్‌కు ముందు ద్రవాన్ని గాఢపరిచే దశ ఏదైనా ఉందేమో అడగండి. లేదని చెబితే ఆ పత్రంలోని అంకె లెక్కకే నిలవదు.

ఇక మీకు నిజంగా కావలసినది ఆ అంకెకు కూడా చాలా దూరంలో ఉంది. 25 గ్రాముల్లో సాల్మొనెల్లా ఉండకూడదన్నది ప్రమాణం, అంటే అంత పొడిలో బతికున్న కణం ఒక్కటే ఉన్నా పరీక్ష దాన్ని బయటపెట్టగలగాలి. ఆ 25 గ్రాములను 225 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో (బ్యాక్టీరియా పెరగడానికి వాడే పోషక ద్రవంలో) కలిపితే మొత్తం సుమారు 250 మిల్లీలీటర్లవుతుంది. అందులో 50 మైక్రోలీటర్ల బిందువులు 5,000 ఉంటాయి. ఉన్న ఆ ఒక్క కణం మీరు తీసిన బిందువులోకే వచ్చే అవకాశం ఐదు వేలకు ఒకటి. పరికరం ఒక్క కణాన్ని కూడా తప్పకుండా గుర్తిస్తుందని ఒప్పుకున్నా ఈ లెక్క మారదు.

కల్చర్ పద్ధతిలో మొదటి రోజంతా పోయేది ఈ చిక్కును విప్పడానికే. సాల్మొనెల్లా పరీక్షకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6579 ప్రకారం, నమూనా కలిపిన పెప్టోన్ వాటర్‌ను 34 నుంచి 38 డిగ్రీల మధ్య సుమారు 18 గంటలు ఉంచుతారు. ఆ ఒక్క కణం రెండై, నాలుగై, చివరికి ఏ బిందువు తీసినా అందులో కనిపించేంతగా పెరుగుతుంది. పాలపొడి విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. పొడిని ద్రవంలో వేసి గిలక్కొట్టకుండా, పైభాగాన మెల్లగా చల్లి, దాదాపు గంటసేపు కదపకుండా వదిలేసే పద్ధతిని పాటిస్తారు. పొడిలో నెలల తరబడి ఎండి, దెబ్బతిని ఉన్న కణానికి నీరు ఒక్కసారిగా తగిలితే అది తట్టుకోలేక చనిపోవచ్చు. అప్పుడు పరీక్ష ‘లేదు’ అంటుంది. ఇటువంటి కణాలు కోలుకుని విభజన మొదలుపెట్టడానికే కొన్ని గంటలు తీసుకుంటాయి కనుక, ఈ దశను పది నిమిషాలకు కుదించడం ఎలక్ట్రానిక్స్ చేతిలో లేని పని.

ఇప్పుడు పరికరానికి అనుకూలంగా కూడా లెక్క వేద్దాం. ఒక్క కణం నుంచి 250 మిల్లీలీటర్ల సీసాలో మిల్లీలీటరుకు 10,000 కణాల స్థాయికి చేరాలంటే మొత్తం 25 లక్షల కణాలు కావాలి, అంటే 21 లేదా 22 విభజనలు. అన్నీ అనుకూలించి ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపైతే దానికి ఏడు గంటలకు పైన పడుతుంది. కోలుకునే సమయం కలిపితే పది, పన్నెండు గంటలు దాటుతుంది. కాబట్టి రాత్రంతా ఎన్‌రిచ్‌మెంట్ (పైన చెప్పిన, కణాలను పెంచే దశ) చేసి, తెల్లవారి ఆ ద్రవాన్ని సెన్సర్‌లో వేస్తే, నాలుగైదు రోజుల పరీక్ష మరుసటి రోజుకు తగ్గుతుంది. నా దృష్టిలో అది చిన్న లాభమేమీ కాదు. కానీ మరుసటి రోజు ఫలితాన్ని పీసీఆర్ (బ్యాక్టీరియా డీఎన్ఏను పలు రెట్లు చేసి గుర్తించే పద్ధతి) కిట్లు ఎన్నో ఏళ్లుగా ఇస్తూనే ఉన్నాయి. కనుక మీ యాజమాన్యం ఈ పరికరాన్ని ఐదు రోజుల కల్చర్‌తో కాక పీసీఆర్‌తో పోల్చి చూడాలి. ఆ పోలికలో మిగిలేది సెన్సర్‌కు పట్టే పది నిమిషాలకూ పీసీఆర్‌కు పట్టే రెండు గంటలకూ మధ్య ఉన్న తేడా మాత్రమే.


సమాధానం 2 (ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లపై పరిశోధన)

పై సమాధానంలోని లెక్కతో నాకు విభేదం లేదు. అయితే అది చదివాక బయోసెన్సర్లే దండగ అన్న అభిప్రాయం కలగవచ్చు కనుక, ఆ పరికరం లోపల ఏం జరుగుతుందో కొంత వివరంగా రాస్తున్నాను.

ఏ బయోసెన్సర్‌లోనైనా రెండు భాగాలు ముఖ్యం. ఒకటి, లక్ష్యాన్ని గుర్తుపట్టి పట్టుకునే జీవసంబంధమైన పదార్థం. రెండు, ఆ పట్టుకోవడాన్ని కొలవగలిగే సంకేతంగా మార్చే భాగం. 1962లో క్లార్క్, లయన్స్ ప్రతిపాదించిన గ్లూకోజ్ ఎంజైమ్ ఎలక్ట్రోడ్‌తో ఈ రంగం మొదలైందని చెబుతారు. గ్లూకోమీటర్ దాని వారసురాలే. కానీ గ్లూకోజ్ రక్తమంతటా సమంగా కరిగి ఉంటుంది, ఒక్క చుక్కలోనే లెక్కపెట్టలేనన్ని అణువులుంటాయి, పైగా ఎంజైము దానితో చర్య జరుపుతూనే ఉంటుంది కాబట్టి సంకేతం బలంగా వస్తుంది. ఇక్కడ లక్ష్యం అణువు కాదు, రెండు మైక్రాన్ల పొడవున్న జీవకణం. అది అరుదుగా, అక్కడక్కడ గుంపులుగా ఉంటుంది. అమ్మేవారు గ్లూకోమీటర్ పేరెత్తినప్పుడు ఈ తేడాను దాటవేశారు.

మీకు చూపినది బహుశా ఇంపెడెన్స్ (విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం) కొలిచే రకం అయివుండవచ్చు. చేతిలో పట్టే పరికరాల్లో అది ఎక్కువగా కనిపిస్తుంది. బంగారు ఎలక్ట్రోడ్ మీద సాల్మొనెల్లాను గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లైన యాంటీబాడీలను అతికిస్తారు. ద్రవంలో ఫెర్రిసయనైడ్ వంటి పదార్థం ఉంటుంది. అది ఎలక్ట్రోడ్‌తో ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. బ్యాక్టీరియా వచ్చి యాంటీబాడీకి అతుక్కుంటే ఆ దారికి అడ్డం పడి నిరోధం పెరుగుతుంది. బఫర్‌లో ఇది ఎంతో అందంగా పనిచేస్తుంది. అదే ఎలక్ట్రోడ్ మీద పాలు పోస్తే, బ్యాక్టీరియా ఒక్కటీ లేకపోయినా నిరోధం పెరుగుతుంది, ఎందుకంటే పాలలోని ప్రొటీనైన కేసీన్ వచ్చి ఉపరితలానికి అంటుకుంటుంది, కొవ్వు దానిమీద పేరుకుంటుంది. ఎలక్ట్రోడ్‌కు అడ్డం పడినది సాల్మొనెల్లానా, కేసీనా అన్నది తెలియదు. అడ్డం పడిందన్నంత వరకే తెలుస్తుంది. పాలలోని కొవ్వు గోళికల్లో చాలావాటి పరిమాణం కూడా ఇంచుమించు బ్యాక్టీరియా అంతే ఉండటం వల్ల, వడపోసి విడదీయడమూ సులభం కాదు. ఖాళీ స్థలాలను ముందుగానే అల్బుమిన్‌తో కప్పడం, సంబంధం లేని యాంటీబాడీ అతికించిన రెండో ఎలక్ట్రోడ్‌ను పక్కనే పెట్టి రెండింటి తేడాను మాత్రమే లెక్కించడం వంటి ఉపాయాలున్నాయి. మీ పరికరంలో అటువంటి పోలిక ఎలక్ట్రోడ్ ఉందో లేదో తప్పక అడగండి.

ప్రదర్శనకు వేడిచేసి చంపిన బ్యాక్టీరియాను వాడారని రాశారు. భద్రత రీత్యా అది సరైన పనే. కానీ చచ్చిన కణాలకు కూడా ఆ పరికరం ‘ఉంది’ అని చెబుతుందని వారే మీ ముందు నిరూపించి వెళ్లారన్నమాట. యాంటీబాడీ గుర్తుపట్టేది కణం పైపొర మీది గుర్తులను. ప్రాణం పోయినా ఆ గుర్తులు చాలావరకు మిగిలే ఉంటాయి. పాశ్చరీకరణ జరిగిన పదార్థాల్లో ఇది నిజమైన సమస్య, ఎందుకంటే హాని చేయలేని మృతకణాల వల్ల మంచి బ్యాచ్‌ను ఆపేయవలసి రావచ్చు. దీనికి పరిశోధకులు ఎంచుకున్న ఒక దారి బ్యాక్టీరియోఫేజ్‌లు, అంటే బ్యాక్టీరియాను సోకే వైరస్‌లు. ఫేజ్ బతికున్న కణంలోనే తన సంఖ్యను పెంచుకోగలదు. కాంతినిచ్చే లూసిఫెరేజ్ ఎంజైము జన్యువును ఫేజ్‌లో చేర్చితే, అది సోకిన కణం తానే ఆ ఎంజైమును తయారుచేసి తన ఉనికిని బయటపెట్టుకుంటుంది. చచ్చిన కణం ఆ పని చేయలేదు. అయితే ఒక్కో ఫేజ్ కొన్ని రకాలను మాత్రమే సోకుతుంది. సాల్మొనెల్లాలో 2,500కు పైగా సీరోవార్‌లు (పైపొర గుర్తులను బట్టి విడదీసిన ఉపరకాలు) ఉన్నాయి కాబట్టి ఒక్క ఫేజ్‌తో పని జరగదు.

సెన్సర్లు నిజంగా రాణించే చోటు మరొకటుంది, అది విషపదార్థాల గుర్తింపు. 2000లో జపాన్‌లో తక్కువ కొవ్వున్న పాల వల్ల 13,000 మందికి పైగా అస్వస్థులయ్యారు. ఆ పాలలో వాడిన వెన్న తీసిన పాలపొడిలో స్టెఫిలోకాకస్ ఆరియస్ విడుదల చేసిన ఎంటరోటాక్సిన్ ఉంది. వేడి చేయడంతో బ్యాక్టీరియా చనిపోయింది గానీ విషం చెక్కుచెదరలేదు. ఇటువంటి నమూనాలో కల్చర్ ఎంత శ్రద్ధగా చేసినా ప్లేటు మీద ఏదీ పెరగదు. అదే సెన్సర్‌కు వస్తే, ఆ ఎంటరోటాక్సిన్ అణుభారం సుమారు 27,000 కనుక, మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము ఉన్నా 50 మైక్రోలీటర్ల బిందువులో దాదాపు 11 కోట్ల అణువులుంటాయి. పై సమాధానంలోని ‘అర కణం’ సమస్య ఇక్కడ పుట్టనే పుట్టదు. పాలపొడి చేసేవారికి ఇది ఎంతో సంబంధమున్న విషయం కాబట్టి, ఆ సంస్థ దగ్గర ఎంటరోటాక్సిన్ కార్ట్రిడ్జ్ ఉందేమో కనుక్కోండి. నాకైతే సాల్మొనెల్లా కార్ట్రిడ్జ్ కన్నా అదే ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది.


సమాధానం 3 (పారిశుద్ధ్య పర్యవేక్షణ)

ఒక చిన్న చేర్పు. శుభ్రత తనిఖీకి చాలా కర్మాగారాల్లో వాడే ఏటీపీ స్వాబ్ (జీవకణాల్లో శక్తినిచ్చే ఏటీపీ అణువు కోసం ఉపరితలాన్ని తుడిచి చూసే పుల్ల) కూడా బయోసెన్సర్ సూత్రం మీద పనిచేసేదే. మిణుగురు పురుగు ఎంజైమైన లూసిఫెరేజ్, స్వాబ్‌కు అంటిన ఏటీపీతో చర్య జరిపి కాంతినిస్తుంది. ఆ కాంతిని పరికరం కొలుస్తుంది. అది బ్యాక్టీరియా ఏటీపీకీ, కడగగా మిగిలిన పాల ఏటీపీకీ తేడా చూపదు, ఏ బ్యాక్టీరియా ఉందో అసలే చెప్పదు. అయినా ఎవరూ దాన్ని పనికిరానిదనరు, ఎందుకంటే ‘ఈ ఉపరితలం సరిగా కడిగారా, లేదా’ అన్న ఒక్క ప్రశ్నకు అది కొన్ని సెకన్లలో జవాబిస్తుంది. మీ కొత్త సెన్సర్ విషయంలోనూ, అది ఏ ప్రశ్నకు జవాబివ్వగలదో ముందు తేల్చుకుని తర్వాత కొనండి.


ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ ధన్యవాదాలు. ‘అర కణం’ లెక్కను యాజమాన్యానికి చూపించాను. మొదటిసారిగా వారు ఆగి ఆలోచించారు. ఆ సంస్థను మళ్లీ అడిగితే, పోలిక ఎలక్ట్రోడ్ ఉందన్నారు. గాఢపరిచే దశ మాత్రం లేదని ఒప్పుకున్నారు, ఎనిమిది గంటల ఎన్‌రిచ్‌మెంట్ తర్వాత వాడితే మంచిదని ఇప్పుడు చెబుతున్నారు. తమ పరికరం సొంత ప్రయోగశాలలో ధ్రువీకరించబడిందని ఒక పత్రం కూడా పంపారు. ఎన్‌రిచ్‌మెంట్ కోసం ప్యాకింగ్ గది పక్కనున్న చిన్న గదిలో ఇంక్యుబేటర్ పెట్టుకోవచ్చని మా ఇంజినీరింగ్ విభాగం అంటోంది. ఈ రెండింటి మీద మీ అభిప్రాయం కావాలి.


సమాధానం 4 (పరీక్షా పద్ధతుల ధ్రువీకరణ)

ముందు పత్రం సంగతి. సొంత ప్రయోగశాలలో చేసుకున్న ధ్రువీకరణను విడుదల నిర్ణయానికి ఆధారంగా తీసుకోకూడదు. ప్రామాణిక పద్ధతికి ప్రత్యామ్నాయంగా ఒక పద్ధతిని వాడాలంటే ఐఎస్ఓ 16140-2 ప్రకారం స్వతంత్రంగా పరీక్షించి, రెండింటినీ ఒకే రకమైన ఆహార నమూనాలపై పోల్చి ఉండాలి. సాల్మొనెల్లా పద్ధతి అయితే కనీసం 100 సాల్మొనెల్లా రకాలను అది పట్టుకుంటుందో లేదో, సాల్మొనెల్లా కాని 30 రకాలను వదిలేస్తుందో లేదో చూడమంటుంది ఆ ప్రమాణం. వారు పంపిన పత్రంలో మీరు చూడవలసినవి ఎక్కువేమీ లేవు: పరీక్షించిన పదార్థాల్లో పాలపొడి ఉందా, కలిపిన బ్యాక్టీరియా తాజా కల్చరా లేక ఎండబెట్టి దెబ్బతిన్న కణాలా, ఎన్ని గంటల ఎన్‌రిచ్‌మెంట్ తర్వాత ఆ ఫలితం వచ్చింది. తాజా కల్చర్ ఎనిమిది గంటల్లో సులభంగా పెరుగుతుంది. మీ పొడిలో ఉండబోయేది తాజా కల్చర్ కాదు. నన్నడిగితే, దెబ్బతిన్న కణాలతో చేసిన ఫలితాలు చూపించేవరకు ఎనిమిది గంటలన్న మాటను పక్కన పెట్టేయండి.

ధ్రువీకరణ ఉన్న పద్ధతే అయినా, దాన్ని మీ సిబ్బంది మీ పొడితో సరిగా చేయగలరని మీరు విడిగా చూపాలి. దానికి ఐఎస్ఓ 16140-3 ఉంది. సెన్సర్ ‘ఉంది’ అన్న ప్రతిసారీ అదే ఎన్‌రిచ్‌మెంట్ ద్రవాన్ని ప్లేట్ల మీద గీసి నిర్ధారించుకోవాలి. బ్యాక్టీరియా కాలనీ చేతిలో ఉంటేనే దాని సీరోవార్ తెలుస్తుంది, జన్యుక్రమం చదివి అది కర్మాగారంలో ఏ మూల నుంచి వచ్చిందో వెతకగలుగుతారు. సెన్సర్ ఇచ్చే సంకేతంతో ఆ పని జరగదు.

నమూనాల సంఖ్య విషయం ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. మీ పొడి శిశు ఆహారంలోకి వెళ్లేదైతే, అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మార్గదర్శకాల ప్రకారం 25 గ్రాముల చొప్పున 60 నమూనాల్లో ఒక్కదాంట్లోనూ సాల్మొనెల్లా ఉండకూడదు. ఇంత కఠినమైన ప్రణాళికలో కూడా, నూటికి ఐదు వంతులు కలుషితమైన బ్యాచ్ దాదాపు ఐదు శాతం సందర్భాల్లో తప్పించుకుంటుంది. నూటికి ఒక వంతు మాత్రమే కలుషితమైనదైతే 55 శాతం సందర్భాల్లో తప్పించుకుంటుంది. సెన్సర్ ఎంత మెరుగైనా ఈ సంఖ్యలు మారవు, ఎందుకంటే తప్పించుకున్న కణాలు సంచిలోనే మిగిలిపోయాయి, ప్రయోగశాలకు రానే లేదు. అందువల్ల పరీక్షల ఖర్చులో మిగిలేదేదైనా ఉంటే, దాన్ని డ్రయ్యర్ చుట్టుపక్కల, నేల పగుళ్లలో, వాక్యూమ్ క్లీనర్ దుమ్ములో స్వాబ్ నమూనాలు పెంచడానికి వాడమంటాను. సాల్మొనెల్లా పొడిలోకి వచ్చే ముందు ఎక్కువగా అక్కడే తిష్ఠ వేస్తుంది. అటువంటి నమూనాలను రాత్రంతా ఎన్‌రిచ్ చేసి, మరుసటి ఉదయం సెన్సర్‌తో ముందుగా తనిఖీ చేసి, అనుమానం వచ్చినవాటిని మాత్రం కల్చర్‌కు పంపడం ఈ పరికరానికి సరిగ్గా సరిపోయే పని. అక్కడ ఒక నమూనాలో పొరపాటు జరిగినా వచ్చే వారం స్వాబ్ దాన్ని పట్టుకుంటుంది, సరుకు విడుదల దానిమీద ఆధారపడి ఉండదు.

ఇక ఇంక్యుబేటర్ గది. ఈ ఒక్క విషయంలో మాత్రం దయచేసి ఇంజినీరింగ్ విభాగం మాట వినకండి. ఎన్‌రిచ్‌మెంట్ అంటే, నమూనాలో ఒక్క సాల్మొనెల్లా ఉంటే దాన్ని మిల్లీలీటరుకు కోట్ల సంఖ్యకు పెంచడం. ప్యాకింగ్ గది పక్కన అటువంటి సీసా ఒక్కటి పగిలినా, మూత తీసేటప్పుడు తుంపర లేచినా, దాన్ని ముట్టుకున్న చేతి తొడుగుతో ఎవరైనా తలుపు పిడి పట్టుకున్నా, మీరు వెతుకుతున్న బ్యాక్టీరియాను మీరే కర్మాగారంలోకి తెచ్చుకున్నట్లవుతుంది. ఆ పనికి వేరే భవనం, వేరే గాలి ప్రసరణ, వేరే సిబ్బంది, వాడిన కార్ట్రిడ్జ్‌లనూ సీసాలనూ పారేసే ముందు 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేసే ఏర్పాటు ఉండాలి. అవి కుదరకపోతే నమూనాలను బయటి ప్రయోగశాలకే పంపి, ఎన్‌రిచ్‌మెంట్ అయిన మరుసటి రోజునే పీసీఆర్ ఫలితం ఇవ్వమని వారితో ఒప్పందం చేసుకోండి. గోదాములో సరుకు ఆగే రోజులు దానితోనే సగానికి పైగా తగ్గుతాయి.